పాత కంప్యూటర్ క్యాబినెట్‌కు గాలి దారి: చేతి పనిముట్లతో ఫ్యాన్ రంధ్రం కోసుకోవడం ఎలా?

ఇళ్లలో డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు ఉండే ఇనప పెట్టెను చాలామంది ‘సీపీయూ’ అంటారు. అసలు సీపీయూ అంటే ఆ పెట్టె లోపల మదర్‌బోర్డు మీద ఉండే ప్రాసెసర్ చిప్పు. బయటి పెట్టెను దుకాణాల్లో ‘క్యాబినెట్’ అంటారు. ఎండాకాలంలో కంప్యూటర్ ఆగి ఆగి నడుస్తున్నా, దానంతట అదే ఆఫ్ అవుతున్నా, బ్లోయర్ హోరున మోగుతున్నా తప్పు చాలాసార్లు లోపలి భాగాలది కాదు. లోపలి వేడి బయటికి పోయే దారి పెట్టెకు లేకపోవడమే కారణం కావచ్చు.

పాత క్యాబినెట్‌కు ఒక ఫ్యాన్ రంధ్రం కోసి ఈ లోటు తీర్చుకోవచ్చు. పెద్ద మిషన్లు అక్కర్లేదు. చేతి డ్రిల్లు, ఆకురాయి, రేకు కత్తెర, ఒక రోజు ఓపిక ఉంటే చాలు. అయితే పనిని సరైన వరసలో చేయాలి. వరస తప్పితే గోరంత ఇనప ముక్క మదర్‌బోర్డు మీద పడి, పిల్లల చదువుకో ఇంటి పనికో ఆధారమైన కంప్యూటర్ పూర్తిగా పాడైపోవచ్చు.

పెట్టె కథ కొంచెం

ఐబీఎం తన మొదటి పర్సనల్ కంప్యూటర్‌ను 1981 ఆగస్టులో బయటికి తెచ్చింది. దాని పెట్టె దళసరి ఉక్కు రేకుతో చేసినది. 1995లో ఇంటెల్ ‘ఏటీఎక్స్’ అనే కొలతల పద్ధతిని ప్రకటించింది. మదర్‌బోర్డు పరిమాణం, స్క్రూ రంధ్రాల చోట్లు, వెనక పోర్టుల స్థానం అన్నీ ఒక లెక్క ప్రకారం వచ్చాయి. పూర్తి ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది కాబట్టే పదిహేనేళ్ల నాటి పెట్టెలో కొత్త బోర్డు పెట్టుకోవడం సాధారణంగా కుదురుతుంది.

1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే చవక ప్రాసెసర్ వచ్చింది. 300 మెగాహెర్ట్జ్ చిప్పును కుర్రాళ్లు 450 మెగాహెర్ట్జ్ వేగంతో నడిపించేవారు. వేగం పెరిగితే వేడి కూడా పెరుగుతుంది. అప్పటి పెట్టెల్లో గాలి దారులు తక్కువ కాబట్టి, కంప్యూటర్ అభిమానులు సొంతంగా రేకు కోసి ఫ్యాన్లు బిగించుకోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత కంపెనీలే పెద్ద ఫ్యాన్లు, జాలీ ముఖాలు ఉన్న క్యాబినెట్లు తయారు చేశాయి. ముందువైపు ప్లాస్టిక్‌తో మూసుకుపోయి, వెనక ఒక్క చిన్న జాలీ మాత్రమే ఉన్న చవక పెట్టెలు మాత్రం మన ఇళ్లలో ఇంకా చాలా ఉన్నాయి.

కోసే ముందు ఒక పరీక్ష

రేకు మీద గీత గీయకముందే అసలు రంధ్రం అవసరమా అని తేల్చుకోవాలి. దీనికి సులువైన పరీక్ష ఉంది. పక్క తలుపు మూసి ఉంచి, కంప్యూటర్ మీద అరగంట బరువైన పని నడపండి. ప్రాసెసర్ వేడి ఎంతుందో వేడి చూపే సాఫ్ట్‌వేర్‌లో చూసి రాసుకోండి. తర్వాత తలుపు తీసి, అదే పని, అదే గదిలో, మరో అరగంట నడపండి. పిల్లలను ఆ సమయంలో దూరంగా ఉంచండి.

తలుపు తీశాక వేడి పది డిగ్రీలు, అంతకంటే ఎక్కువ తగ్గితే పెట్టెలో గాలి ఆడటం లేదన్నమాట. అలాంటప్పుడు రంధ్రం కోయడం వల్ల లాభం ఉంటుంది. రెండు డిగ్రీలో మూడు డిగ్రీలో తగ్గితే తప్పు వేరే చోట ఉంది. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుని ఉండొచ్చు, లేదా ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు బ్రష్షు, కొత్త పేస్ట్ చేసే పని పది రంధ్రాలు కోసినా జరగదు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఫ్యాన్ గదిలోని గాలినే లోపలికి పంపుతుంది. మే నెలలో గది 40 డిగ్రీలు ఉంటే పెట్టె లోపల అంతకంటే చల్లగా ఎప్పటికీ కాదు. అలాగని ఎడారి కూలర్ గాలిని నేరుగా పెట్టె మీదికి తిప్పకూడదు. ఆ తేమ రేకుకు తుప్పు, బోర్డుకు చేటు తెస్తుంది.

రంధ్రం ఎక్కడ?

వేడి గాలి పైకి పోతుంది. కాబట్టి చల్లగాలి ముందువైపు కింది నుంచి లోపలికి రావాలి, వేడిగాలి వెనకవైపు పై నుంచి బయటికి పోవాలి. కొత్తగా పెట్టే ఫ్యాన్ ఈ దారికి తోడుగా ఉండాలి, ఎదురుగా ఉండకూడదు.

మొదటిసారి చేసేవారికి పక్క తలుపే మంచి చోటు. అది మొత్తంగా ఊడి వస్తుంది. వేరే గదికో, డాబా మీదికో తీసుకుపోయి కోయవచ్చు. లోపలి భాగాలను కదపాల్సిన పని ఉండదు. కోత పాడైనా ఒక రేకు తలుపు మాత్రమే పోతుంది. అయితే ముందు లోపలి చోటు కొలవాలి. మామూలు ఫ్యాన్ మందం 25 మిల్లీమీటర్లు. తలుపు మూశాక ప్రాసెసర్ బ్లోయర్‌కో, గ్రాఫిక్స్ కార్డుకో ఫ్యాన్ తగలకూడదు. అనుమానం ఉంటే 25 మిల్లీమీటర్ల మందం ఉన్న అట్టముక్కను అదే చోట టేపుతో అంటించి తలుపు మూసి చూడండి.

ముందువైపు రేకుకు చిన్న చిన్న చిల్లులు కొట్టిన చోటు ఉంటే దాన్ని కోసి తెరవడం ఇంకా మేలు, కానీ దానికి పెట్టె మొత్తం ఖాళీ చేయాలి. పైభాగాన రంధ్రం పెడితే వేడి బాగా పోతుంది. అయితే దుమ్ము, ఒలికిన చాయ్, నీళ్లు కూడా అక్కడి నుంచే లోపలికి పడతాయి. టేబుల్ మీద చాయ్ కప్పు పెట్టే అలవాటున్న ఇంట్లో పైన కోయకపోవడమే నయం.

కావలసిన సామాను

అయస్కాంతం: ముందు రేకు ఏమిటో తెలుసుకోవడానికి. అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే బహుశా అల్యూమినియం. చవక క్యాబినెట్లు దాదాపు అన్నీ జింకు పూత ఉన్న ఉక్కు రేకువే. మందం ఒక మిల్లీమీటరు కంటే తక్కువే ఉంటుంది.

చేతితో తిప్పే డ్రిల్లు, లేదా మామూలు కరెంటు డ్రిల్లు, 4, 4.5 మిల్లీమీటర్ల బిట్లు. బిట్టు జారకుండా చుక్క కొట్టడానికి సెంటర్ పంచ్, సుత్తి.

రేకు కత్తెర. వంపు కోసేవి వేరుగా దొరుకుతాయి. హాక్సా బ్లేడు కావాలంటే అంగుళానికి 32 పళ్లున్నది తీసుకోండి. రేకు పలచగా ఉన్నప్పుడు పెద్ద పళ్ల బ్లేడు ఇరుక్కుని విరుగుతుంది.

ఒకవైపు గుండ్రంగా ఉండే ఆకురాయి, గరుకు కాగితం, స్కేలు, వృత్తలేఖిని, మార్కర్, మాస్కింగ్ టేపు, కింద పెట్టడానికి చెక్కముక్క, బిగించడానికి క్లాంపులు.

కళ్లద్దాలు తప్పనిసరి. దళసరి చేతి తొడుగులు రేకును పట్టుకునేటప్పుడు వేసుకోండి. కరెంటు డ్రిల్లు తిప్పేటప్పుడు మాత్రం గుడ్డ తొడుగులు తీసేయండి, అవి బిట్టుకు చుట్టుకుంటాయి. దుపట్టా, వేలాడే కుర్తా చేతులు, జుట్టు గట్టిగా కట్టుకోవాలి.

పనిముట్లు హైదరాబాద్, సికింద్రాబాద్ వాసులకు రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో, ఫ్యాన్లు, స్క్రూలు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరుకుతాయి. చిన్న ఊళ్లలో ఆటో మెకానిక్ దగ్గరో, రేకు పని చేసే మిస్త్రీ దగ్గరో కత్తెర, ఆకురాయి ఒక పూటకు అడిగి తెచ్చుకోవచ్చు.

గీత గీయడం

ఇళ్లలో ఎక్కువగా పెట్టేది 120 మిల్లీమీటర్ల ఫ్యాన్. దాని నాలుగు స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మిల్లీమీటర్లు. 80 మిల్లీమీటర్ల ఫ్యాన్‌కు ఈ దూరం 71.5, 92కు 82.5, 140కు 124.5 మిల్లీమీటర్లు. ఫ్యాన్ చేతిలో ఉంటే దాన్నే కొలిచి సరిచూసుకోండి.

కాగితం మీద 105 మిల్లీమీటర్ల చతురస్రం గీయండి. మూలల నుంచి మూలలకు గీతలు కలిపితే మధ్య బిందువు వస్తుంది. ఆ బిందువు నుంచి 57.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. కోతకు చివరి గీత అదే. దాని లోపల 55 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఇంకో వృత్తం గీయండి. డ్రిల్లు పెట్టాల్సింది ఈ లోపలి గీత మీద.

రేకు మీద రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి, కాగితాన్ని బయటివైపు అంటించండి. టేపు వల్ల రంగు గీసుకుపోదు. తలుపు అంచు మడతలకు, కొక్కేలకు వృత్తం కనీసం రెండు వేళ్ల దూరంలో ఉండాలి. రేకుకు బలం ఇచ్చేవి ఆ మడతలే. వాటిని కోస్తే తలుపు వణికి మోత మోగుతుంది.

పెట్టెను ఖాళీ చేయడం

పక్క తలుపు కోసేవారు దాన్ని కంప్యూటర్‌కు దూరంగా తీసుకుపోతే చాలు. పెట్టె ఒంటినే కోసేవారు మాత్రం మదర్‌బోర్డు, హార్డ్ డిస్క్, ఎస్ఎంపీఎస్, వైర్లు, ముందు బటన్ల పట్టీ అన్నీ తీసేయాలి. లోపల కవరు కప్పి కోద్దాం అనుకోవడం ప్రమాదం. ఇనప రజను కవరు సందుల్లోంచి దూరుతుంది.

ముందుగా డేటాను వేరే చోట కాపీ చేసుకోండి. ప్లగ్గు పూర్తిగా తీసేయండి. ప్రతి వైరు ఎక్కడిదో ఫోనుతో ఫొటో తీయండి. స్క్రూలను కలిపేయకండి. హార్డ్ డిస్కుకు, తలుపుకు వాడే స్క్రూల మరలు లావుగా ఉంటాయి. ఎస్ఎస్‌డీకి, డీవీడీ డ్రైవుకు వాడేవి సన్నటి మరల ఎం3 స్క్రూలు. ఒకదాని చోట ఇంకోటి బిగిస్తే మర అరిగిపోతుంది. మూడు నాలుగు చిన్న డబ్బాల్లో పేర్లు రాసి వేసుకోండి.

కోత

రేకు కింద చెక్క పెట్టి క్లాంపులతో బిగించండి. చేత్తో పట్టుకుని డ్రిల్లు పెట్టకూడదు. బిట్టు అవతలికి దూరే క్షణంలో పలచటి రేకును పట్టుకుని గిర్రున తిప్పుతుంది, చెయ్యి తెగుతుంది.

ముందు నాలుగు మూలల స్క్రూ రంధ్రాలు 4.5 మిల్లీమీటర్ల బిట్టుతో పెట్టండి. వృత్తం కోశాక రేకు కదులుతుంది, అప్పుడు ఇవి సరిగ్గా కుదరవు.

వృత్తానికి అందరికీ అందుబాటులో ఉన్న పద్ధతి గొలుసు డ్రిల్లింగ్. లోపలి గీత మీద 5 మిల్లీమీటర్లకు ఒక చుక్క చొప్పున పంచ్ కొట్టండి. దాదాపు 69 చుక్కలు వస్తాయి. ప్రతి చుక్క మీద 4 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టండి. రంధ్రానికి రంధ్రానికి మధ్య ఒక మిల్లీమీటరు రేకు మిగులుతుంది. దాన్ని పలచటి ఉలితో, లేదా ఒక చివర గుడ్డ చుట్టుకున్న హాక్సా బ్లేడుతో ఒక్కొక్కటిగా తెంపండి. మధ్య బిళ్ల ఊడి వస్తుంది. అంచు రంపపు పళ్లలా ఉంటుంది. చివరి గీత వరకు ఆకురాయితో రాయండి.

రెండో పద్ధతి రేకు కత్తెర. మధ్యలో కత్తెర ముక్కు దూరేంత రంధ్రం చేసి, నత్త చుట్టులా తిరుగుతూ గీత దాకా రావాలి. ఇది త్వరగా అవుతుంది, కానీ అంచు వంకరపోతుంది. చెక్క మీద పెట్టి సుత్తితో మెల్లగా సరిచేయాలి. పని అలవాటు లేనివారు మొదట వేస్ట్ రేకు మీద ఒకసారి కోసి చూసుకోవడం మంచిది.

అంచులు, రంగు, జాలీ

కోసిన రేకు అంచు బ్లేడు లాంటిది. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఈ దశను తొందరగా ముగించకూడదు. ఆకురాయి తర్వాత రెండు వైపులా గరుకు కాగితంతో రుద్దండి. దూదిని అంచు చుట్టూ తిప్పి చూడండి. పోగు ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఇంకా రాయాలి. వేలితో పరీక్షించకండి.

కోసిన చోట జింకు పూత పోతుంది, రేకు తుప్పు పడుతుంది. విశాఖ, మచిలీపట్నం లాంటి తీర ఊళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ప్రైమర్ ఒక పూత, రంగు ఒక పూత వేసి పూర్తిగా ఆరనివ్వండి. పైన రబ్బరు అంచు పట్టీ తొడిగితే మరీ మంచిది. అది దొరకకపోతే లావు వైరు మీది ప్లాస్టిక్ తొడుగును నిలువునా చీల్చి అంచుకు తొడగవచ్చు.

ఫ్యాన్ బయట వేలు దూరని ఇనప జాలీ తప్పనిసరి. గాలి లోపలికి వచ్చే ఫ్యాన్ అయితే దుమ్ము ఆపడానికి దోమతెర నైలాన్ జాలీ ముక్క కూడా పెట్టి, నెలకోసారి కడగండి. జాలీ మూసుకుపోతే రంధ్రం ఉన్నా లేనట్టే.

ఇనప రజను

ఈ పనిలో కంప్యూటర్‌కు అసలు శత్రువు ఇదే. ప్లాస్టిక్ కవరులో అయస్కాంతం పెట్టి రేకు మీద, మూలల్లో, మడతల్లో తిప్పండి. కవరు తిరగేస్తే రజను దానిలోనే ఉండిపోతుంది. నోటితో ఊదకండి, కంట్లో పడుతుంది. రంగు ఆరాక ఖాళీ తలుపును, లేదా భాగాలన్నీ తీసేసిన పెట్టెను సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, చుక్క తడి లేకుండా ఎండలో ఆరబెట్టండి. పని చేసిన బట్టలతో, చేతులతో మదర్‌బోర్డు ముట్టుకోకండి. పని చేసిన చోట నేలను కూడా అయస్కాంతంతో ఒకసారి చూడండి, చెప్పులు లేకుండా నడిచేవాళ్లు ఉంటారు.

తిరిగి బిగించడం

మదర్‌బోర్డు కింద చిన్న ఇత్తడి కాళ్లు ఉంటాయి. బోర్డులో స్క్రూ రంధ్రం ఉన్న చోట మాత్రమే ఆ కాలు ఉండాలి. అనవసరమైన చోట ఒక్క కాలు మిగిలిపోయినా బోర్డు వెనక సోల్డరింగ్‌కు తగిలి షార్టు అవుతుంది. బోర్డు రంధ్రాలను, పెట్టెలోని కాళ్లను లెక్కపెట్టి సరిచూడండి.

ఫ్యాన్‌కు చాలా కంపెనీలు అంచు మీద బాణం గుర్తు వేస్తాయి. గుర్తు లేకపోతే, మధ్య మోటారును పట్టి ఉంచే అడ్డపట్టీలు ఏవైపు ఉన్నాయో చూడండి. గాలి ఆ వైపు నుంచి బయటికి వస్తుంది. ఫ్యాన్ వైరును మదర్‌బోర్డు మీది 3 పిన్నుల లేదా 4 పిన్నుల ఫ్యాన్ సాకెట్‌కు పెట్టండి. ఇది 12 వోల్టుల సరఫరా. చాలా బోర్డుల్లో ఒక్కో సాకెట్ హద్దు ఒక ఆంపియర్. ఫ్యాన్ మీద రాసిన ఆంపియర్లు అంతకు మించకుండా చూసుకోండి. తలుపు తీసినప్పుడు వైరు తెగకుండా కొంచెం వదులు వదలండి, రెక్కలకు తగలకుండా ట్యాగుతో కట్టండి.

ఎర్తింగ్, ఎస్ఎంపీఎస్

రేకు కోయడం వచ్చినవారు కూడా ఎస్ఎంపీఎస్ డబ్బా మూత తీయకూడదు. ఇంటి 230 వోల్టుల కరెంటు అందులో 300 వోల్టులకు పైబడిన డీసీగా మారుతుంది. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కెపాసిటర్లలో ఆ కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. దాని ఫ్యాన్ పాడైతే డబ్బానే మార్చండి.

క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమనడం మన ఇళ్లలో చాలామందికి అనుభవమే. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటు తీగల నుంచి పెట్టె రేకుకు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. వాటి నుంచి వచ్చే స్వల్ప కరెంటు ఎర్త్ తీగ ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే పెట్టె మీదే ఉండిపోతుంది. పెట్టెకున్న రంగు కొంతవరకు దాన్ని దాచిపెడుతుంది. అంచు రుద్దగానే ఆ జివ్వు ఎక్కువగా తెలుస్తుంది. ఇది కోత వల్ల వచ్చిన లోపం కాదు, ఇంటి వైరింగ్‌లో ముందు నుంచీ ఉన్న లోపం.

చెప్పులు వేసుకుని వాడటం దీనికి పరిష్కారం కాదు. ఎప్పుడైనా ఎస్ఎంపీఎస్‌లో పెద్ద లోపం వస్తే పూర్తి కరెంటు రేకు మీదికి రావచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడు పిన్నుల సాకెట్‌కు ఎర్త్ నిజంగా ఉందో లేదో చూపించండి. మూడో పిన్ను విరగ్గొట్టిన ప్లగ్గు, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ వాడకండి.

చివరి పరీక్ష

మొదటిసారి ఆన్ చేసే ముందు పెట్టెను మెల్లగా వంచి ఊపండి. ఏదైనా గలగలమంటే తెరిచి వెతకండి. ఆన్ చేశాక ఫ్యాన్ దగ్గర పలచటి కాగితం పట్టుకోండి. గాలి లోపలికి పోతుంటే కాగితం జాలీకి అంటుకుంటుంది, బయటికి వస్తుంటే ఎగురుతుంది. తర్వాత తలుపు మూసి, మొదట చేసిన అరగంట పరీక్షనే మళ్లీ చేయండి. తలుపు తీసినప్పుడు రాసుకున్న అంకె దగ్గరికి వేడి దిగితే పని ఫలించినట్టే. దిగకపోతే ఫ్యాన్ దిశ తిప్పి ఒకసారి చూడండి. అప్పటికీ తేడా లేకపోతే ఇంకో రంధ్రం కోయకుండా దుమ్మును, థర్మల్ పేస్ట్‌ను చూడండి.